ఈ ట్యాంకుకు తుప్పెందుకు పట్టింది?

ట్యాంకు అంటే మనకు మొదట గుర్తొచ్చేది మేడమీది నీళ్ళ ట్యాంకు. యుద్ధరంగంలో తిరిగే ఉక్కు బండికి ఆ పేరు రావడానికి కారణం కూడా నీళ్ళ ట్యాంకే. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిషువాళ్ళు ఈ కొత్త యంత్రాన్ని గుట్టుగా తయారుచేస్తూ, ఎవరైనా ఆరా తీస్తే నీళ్ళు పోసుకునే తొట్లని సరిపెట్టడానికి దానికి "ట్యాంకు" అని పేరు పెట్టారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ నదీ ప్రాంతంలో అది మొదటిసారి యుద్ధంలోకి దిగింది. గుట్టు రట్టయినా పేరు మాత్రం మిగిలిపోయింది.

నేనిప్పుడు చెప్పబోయేది దాని నమూనాల గురించి. బ్రిటన్, అమెరికా, జపాన్, ఐరోపా దేశాల్లో పిల్లలూ పెద్దలూ కూడా ప్లాస్టిక్ ముక్కలు అతికించి ట్యాంకు నమూనాలు తయారుచేస్తుంటారు. వీటిలో బాగా వాడుకలో ఉన్న కొలత 1/35. అసలు ట్యాంకులో 35 సెం.మీ. పొడవున్న భాగం నమూనాలో ఒక్క సెంటీమీటరు ఉంటుందన్నమాట. ఈ 35 అనే అంకె ఎలా వచ్చిందో వింటే నవ్వొస్తుంది. జపానులో షిజువోకా నగరంలోని తమియా కంపెనీవాళ్ళు 1960ల మొదట్లో జర్మనీవారి పాంథర్ ట్యాంకు నమూనా చేశారు. దాని కడుపులో చిన్న మోటారూ బ్యాటరీలూ పట్టాలి గనక వాటికి సరిపోయే సైజు చూసుకున్నారు. అది దాదాపు 1/35 అయింది! బ్యాటరీ నిర్ణయించిన కొలత ప్రపంచమంతా పాకింది.

నమూనా అతికించడం ఒక ఎత్తు, రంగు వెయ్యడం ఒక ఎత్తు. ఆ పైన ఇంకో పని ఉంది. కొత్తగా రంగు వేసిన ట్యాంకు బొమ్మలాగే కనిపిస్తుంది. దానికి ఎండలో వెలిసిన రంగు, దుమ్ము, బురద, గీతలు, తుప్పు, పొగమసి అన్నీ పెట్టి, వాడిన బండిలా కనపడేట్టు చేస్తారు. దీన్ని "వెదరింగ్" అంటారు. మీ భూగోళం పుస్తకంలో రాళ్ళు ఎండకూ వానకూ పగిలి పొడికావడాన్ని శిలాశైథిల్యం అన్నారే, దానికీ ఇంగ్లీషులో ఇదే మాట. అక్కడ ప్రకృతి లక్షల సంవత్సరాల్లో చేసే పనిని ఇక్కడ మనం కుంచె పట్టుకుని ఒక్క సాయంత్రంలో చేస్తామన్నమాట.

నా ఫిర్యాదంతా ఈ మూడో పని మీదే. ఒక సైన్సు ప్రదర్శనలో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు పాంథర్ నమూనా తెచ్చాడు. అతికింపులో ఎక్కడా వంక పెట్టడానికి లేదు. కాని ట్యాంకు ఒళ్ళంతా నారింజ రంగు తుప్పు. "నాయనా, దీనికి ఇంత తుప్పెందుకు పట్టింది?" అని అడిగాను. "వీడియోలో అలాగే వేశారండీ సార్" అన్నాడు. నేనడిగింది ఎవరు వేశారని కాదు, ఎందుకు పట్టిందని. ఆ ప్రశ్నకు జవాబు లేని తుప్పు ఎంత అందంగా ఉన్నా నమూనా మీద ఉండగూడదని నా అభిప్రాయం. లెక్క చెయ్యకుండా వెనక పేజీలోని జవాబు ఎత్తి రాసుకున్నట్టు ఉంటుంది.

ఆ పాంథర్‌నే తీసుకుందాం. అబ్బాయి దాని కింద చెక్క మీద "కుర్‌స్క్, జులై 1943" అని రాశాడు. రష్యాలో కుర్‌స్క్ నగరం దగ్గర జరిగిన ఆ మహాయుద్ధంలోనే పాంథర్లు మొదటిసారి బరిలోకి దిగాయి. సుమారు 200 వచ్చాయి. వీటి తయారీ మొదలైందే 1943 జనవరిలో. అంటే అక్కడికి వచ్చిన వాటిలో అన్నిటికన్నా ముసలిదాని వయసు కూడా ఆరు నెలలు! అవి యుద్ధంలో దిగిన వారం లోపలే చాలాభాగం మరమ్మతులకోసమో, మందుపాతరలు తగిలో, దెబ్బతినో ఆగిపోయాయి. ఆరు నెలల వయసున్న బండికి, ఫ్యాక్టరీలో ప్రైమరూ పైన పెయింటూ వేసి పంపిన బండికి, ఊరిబయట ఇరవై ఏళ్ళుగా పడున్న లారీకి పట్టినంత తుప్పు ఎలా పడుతుంది? తుప్పంటే ఇనుమూ, గాలిలోని ఆక్సిజనూ, నీరూ కలిస్తే ఏర్పడే జలయుత ఫెర్రిక్ ఆక్సైడ్ అని మీరు చదువుకున్నారు. ఆ మూడూ కలుసుకోవాలి, కలుసుకున్నాక వాటికి వ్యవధి కావాలి. పెయింటు పొర ఉన్నంతసేపూ మొదటిది మిగతా రెంటినీ కలుసుకోదు.

"మరి గీతలు పడవా సార్?" అంటారు. పడతాయి. సైనికుల బూట్లు ఆనేచోట, మూతలు తెరిచి మూసేచోట, చెట్లకొమ్మలు రాసుకునేచోట పెయింటు లేస్తుంది. కాని పెయింటు లేస్తే ముందు బయటపడేది తుప్పు కాదు, ప్రైమరు. జర్మన్ ట్యాంకుల ప్రైమరు ఎర్రటి గోధుమ రంగు. మన ఇళ్ళలో కిటికీ ఊచలకు పెయింటు వేసేముందు పూసే రెడ్ ఆక్సైడ్ చూశారుగా, దాదాపు ఆ రంగే. ఆ రెడ్ ఆక్సైడ్‌లో ఎర్రదనం ఇచ్చేది ఏమిటనుకున్నారు? ఐరన్ ఆక్సైడే! తుప్పుకు తోబుట్టువును పూసి తుప్పును ఆపుతున్నామన్నమాట. గీత లోపల కనపడే ఈ ప్రైమరును ఫోటోల్లో చూసి తుప్పని పొరబడేవాళ్ళు చాలామంది ఉంటారు.

ఇంకో చిన్న విషయం. ఆ ఏడు ఫిబ్రవరిలో వచ్చిన ఉత్తర్వు ప్రకారం జర్మన్ ట్యాంకుల మూలరంగు ముదురు బూడిద నుంచి ముదురు పసుపుకు మారింది. దానిమీద వేసుకోవడానికి ఆకుపచ్చ, ఎర్రగోధుమ రంగులు ముద్దలా డబ్బాల్లో సైనికులకే ఇచ్చేవారు. వాళ్ళు నీళ్ళో పెట్రోలో కలిపి చల్లుకునేవారు. పల్చగా కలిపినచోట పల్చగా, చిక్కగా కలిపినచోట చిక్కగా పడేది. కాబట్టి రెండు ట్యాంకులు అచ్చం ఒకేలా ఉండనక్కరలేదు. అబ్బాయి పాంథర్ మీద చారల అంచులు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. అయస్కాంత మందుపాతరలు అంటుకోకుండా పూసే గరుకు పూత కూడా దాని మీద వేశాడు. పాంథర్లకు ఆ పూత కుర్‌స్క్ యుద్ధం అయిపోయాకనే మొదలైంది. దీనికి మాత్రం అబ్బాయిని తప్పుపట్టను. పెట్టె మీది బొమ్మలో అలాగే ఉందట.

మరి తుప్పు ఎక్కడ ఉండవచ్చు? ఉండవలసిన చోట్లు లేకపోలేదు. పాంథర్ వెనక నిలువుగా రెండు పొగగొట్టాలు ఉంటాయి. ఇంజను నడిచినంతసేపూ అవి కాలిపోతుంటాయి, ఆగితే చల్లబడతాయి. ఆ వేడికి పెయింటు నిలవదు. వట్టి ఉక్కు బయటపడి, వేడికి ఆక్సీకరణం త్వరపడి, ముదురు ఎరుపుకు తిరుగుతుంది. అక్కడ మీ ఇష్టం వచ్చినంత తుప్పు పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. తరవాత చక్రాల చుట్టూ తిరిగే ఉక్కు పట్టాలు. వాటిమీద పెయింటు ఉన్నా రాళ్ళ రాపిడికి నిలిచేది కాదు. కాని ఇక్కడే చాలామంది ఇంకో పొరపాటు చేస్తారు, పట్టా మొత్తానికి తుప్పురంగు కొట్టేస్తారు. మీ ఊళ్ళో ఎడ్లబండి చక్రానికి బిగించిన ఇనప పట్టాను చూడండి. బండి తిరుగుతున్న రోజుల్లో నేలకు తగిలే ముఖం వెండిలా మెరుస్తుంది, పక్క అంచులు మాత్రం ఎర్రగా ఉంటాయి. బండి నెల రోజులు పాకలో ఉంటే మెరుపుపోయి అంతా ఒకటే రంగవుతుంది. నాగలి కర్రూ అంతే. దుక్కుల కాలంలో అద్దంలా ఉన్న కర్రు వేసవికి గోధుమరంగుకు తిరుగుతుంది. ట్యాంకు పట్టా కూడా ఎడ్లబండి పట్టాకు పెద్దన్నే. నడుస్తున్న ట్యాంకని చూపదలిస్తే నేలకు ఆనే గట్లు మెరవాలి. ఆగిపోయి చాలాకాలమైందని చూపదలిస్తే మెరవకూడదు. మీరు ఏదో ఒకటి నిర్ణయించుకోవాలి. రెండూ కలిపితే కథ చెడుతుంది.

అన్ని లోహాలకూ ఎర్రతుప్పు పట్టదని కూడా మరవకండి. అమెరికావారి ఎం-113 అనే సైనికుల బండికి కవచం అల్యూమినియంది. గీత పడితే తెల్లగా మెరుస్తుంది. దాని ఆక్సైడ్ పొర పల్చగా, గట్టిగా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. దానికి తుప్పు పెట్టినవాడు రసాయనశాస్త్రం పరీక్షలో తప్పినట్టే.

ట్యాంకు ఒళ్ళంతా తుప్పు నిజంగా పట్టే సందర్భం ఒకటుంది. దాన్ని చెప్పకుండా దాటేస్తే ఈ వ్యాసం రాసి లాభం లేదు. ట్యాంకు కాలిపోతే అంత తుప్పు పడుతుంది. లోపల పెట్రోలూ, మందుగుండూ అంటుకుని ట్యాంకు కాలితే పెయింటు, ప్రైమరు రెండూ బుగ్గి అవుతాయి. నిన్నటిదాకా ఇనుముకు ఉన్న రక్షణ పోతుంది. ఆ తరవాత ఒక్క రాత్రి మంచు కురిసినా, చిన్న జల్లు పడినా, కొద్ది రోజుల్లోనే ఉక్కంతా నారింజరంగుకు తిరుగుతుంది. చక్రాల అంచుల్లోని రబ్బరు కాలిపోతుంది. పాంథర్‌ను మోసేవి మెలితిరిగే ఉక్కు కడ్డీల స్ప్రింగులు. మంట వేడికి వాటి పదును పోతే ట్యాంకు నేలవైపు కుంగిపోతుంది. కమ్మరి కొలిమిలో కాల్చి మెల్లగా చల్లార్చిన కొడవలి మెత్తబడిపోవడం లాంటిదే ఇది. కాబట్టి అనుభవమున్నవాళ్ళు తుప్పురంగు వేసిన ట్యాంకును చూడగానే మొదట చక్రాలవైపు చూస్తారు.

పాంథర్‌లో ఐదుగురు మనుషులుంటారు. ఇప్పుడు ఆ అబ్బాయి నమూనాను మళ్ళీ తలుచుకోండి. ఒళ్ళంతా నారింజరంగు తుప్పు, పైన టరెట్ మూత తెరుచుకుని దుర్భిణితో చూస్తున్న కమాండరు బొమ్మ. ఆ తుప్పు నిజమైతే ఆ కమాండరు అక్కడ ఉండటానికి వీల్లేదు. ఆ కమాండరు నిజమైతే ఆ తుప్పుకు వీల్లేదు. అబ్బాయికి ఈ మాట చెబితే కాసేపు మాట్లాడలేదు. తరవాత "అయితే ఇది కాలిపోయిన బండి రంగా సార్?" అన్నాడు మెల్లగా. మర్నాడు ఊళ్ళో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుకు వెళ్ళి, నోటుబుక్కులో నాలుగు పేజీలు బొమ్మలు గీసుకొచ్చాడు.

ఇక దుమ్ము, బురద. ఇక్కడ అంకెలు చాలా పనికొస్తాయి. నమూనా మీద ఇసక చల్లారనుకోండి. అర మిల్లీమీటరు ఇసక రేణువును 35తో హెచ్చవెయ్యండి. 17.5 మి.మీ. అవుతుంది, అంటే గులకరాయి! ట్యాంకు మీద దుమ్ము బదులు కంకర పడ్డట్టుంటుంది. అందుకే ఆయుర్వేద వైద్యులు చూర్ణాన్ని వస్త్రఘాళితం పట్టినట్టు, ఎండిన మట్టిని పల్చటి గుడ్డలో జల్లించి వాడాలి. పెయింటు సంగతీ అంతే. 0.1 మి.మీ. మందం పూత వేశారంటే అసలు ట్యాంకు మీద 3.5 మి.మీ. మందాన పెయింటు మెత్తినట్టు. మూడు పూతలు వేస్తే సెంటీమీటరు దాటుతుంది, బోల్టులన్నీ మునిగిపోతాయి. పల్చగా వెయ్యమని ఊరికే చెప్పరు.

తడిమట్టి ఎండుమట్టికన్నా ముదురుగా ఎందుకుంటుంది? ఎండుమట్టిలో రేణువుల మధ్య గాలి ఉంటుంది. వెలుతురు రేణువులకు తగిలి నలుదిక్కులా చెదిరి, చాలాభాగం మన కంటికి తిరిగివస్తుంది. గాలి స్థానంలో నీరు చేరితే రేణువుకూ పరిసరానికీ వక్రీభవన గుణకాల తేడా తగ్గిపోతుంది. వెలుతురు మట్టి లోపలికి ఇంకా దూరం చొచ్చుకుపోయి అక్కడే శోషణ అవుతుంది. కనుక ఒకే మట్టికి రెండు రంగులు. వరిమడిలో దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరును సాయంత్రం ఒకసారి, మర్నాడు మధ్యాహ్నం ఒకసారి చూస్తే రెండూ కనిపిస్తాయి. 1965 సెప్టెంబరులో పంజాబులో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ యుద్ధంలో మనవాళ్ళు చెరకుతోటల్లోకి నీళ్ళు వదిలితే పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు బురదలో దిగబడిపోయిన సంగతి మీరు వినే ఉంటారు. ఆ ప్యాటన్ నమూనా చేసేవాడు ఎడారి దుమ్ము చల్లితే ఎలా కుదురుతుంది? ముదురు తడిబురద పట్టాల నుంచి పైకెక్కాలి. ఇంకో మాట. 45 టన్నుల పాంథర్‌ను అదే ఉక్కుతో 1/35 కొలతలో చేస్తే బరువు 35ని మూడుసార్లు హెచ్చవేసినంత, అంటే 42,875 రెట్లు తగ్గి సుమారు కిలో అవుతుంది. నేలకు ఆనే వైశాల్యం మాత్రం 1,225 రెట్లే తగ్గుతుంది. దాంతో నేలమీది ఒత్తిడి అసలు దానిలో 35వ వంతే. నమూనా తనంతట తాను బురదలో దిగబడదు, చేత్తో నొక్కాల్సిందే!

నమూనా చేసేవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. చిన్న నమూనాకు అసలు రంగుకన్నా కాస్త లేతరంగు వెయ్యాలట, ఎందుకంటే దూరాన ఉన్న వస్తువు గాలివల్ల లేతగా కనపడుతుందట. లేతరంగు వెయ్యడం మంచిదే, కాని చెప్పే కారణం నాకు నచ్చదు. 35 సెం.మీ. దూరం నుంచి నమూనాను చూస్తే అసలు ట్యాంకును సుమారు 12 మీటర్ల నుంచి చూసినట్టు. దూరపు కొండలు నునుపన్నారు, నిజమే, నీలంగానూ ఉంటాయి. కాని కొండలు కిలోమీటర్ల అవతల ఉంటాయి. 12 మీటర్ల గాలి రంగును ఏం మార్చగలదు? నాకు తోచే కారణం ఇది. అసలు ట్యాంకు ఎండలో ఉంటుంది, అక్కడ దాదాపు లక్ష లక్స్‌ల వెలుతురు. నమూనా గదిలో ఉంటుంది, అక్కడ మూడు నాలుగు వందల లక్స్‌లు ఉంటే గొప్ప. అంత మసకలో ముదురు ఆకుపచ్చ నల్లగా కనిపించడంలో వింతేముంది? మీరు నమూనాను డాబామీదికి తీసుకెళ్ళి ఎండలో ఓసారి, గదిలో ఓసారి చూసి తేల్చుకోండి. నా మాట నమ్మనక్కరలేదు.

వెదరింగ్ పద్ధతులు నేర్పడం నా ఉద్దేశం కాదు. అయినా ఒకటి చెప్పకుండా ఉండలేను, అది మన పాఠంలోదే గనక. ముదురు రంగును బాగా పల్చగా కలిపి బోల్టు పక్కన కుంచె మొన తాకిస్తే, రంగు తనంతట తానే బోల్టు చుట్టూ, సందుల వెంటా పరుగెత్తుతుంది. ఇది కేశనాళికీయత. దీపపు వత్తిలోకి నూనె ఎక్కడం లాంటిదే. నీటిరంగు సందుల్లోకి పోకుండా ముత్యంలా నిలబడితే ఒక్క చుక్క సబ్బునీళ్ళు కలపండి, తలతన్యత తగ్గి దారికొస్తుంది. నూనెరంగుల థిన్నరు వాసన మంచిది కాదు, కిటికీలు తెరిచి వాడాలి. పెట్రోలు జోలికి మాత్రం పోకండి. జర్మన్ సైనికులు కలిపారని మీరు కలపక్కరలేదు.

"ఇది కళ సార్, కొంత ఎక్కువచేసి చూపించాలి, లేకపోతే కంటికి ఆనదు" అనేవాళ్ళున్నారు. ఒప్పుకుంటాను. నాటకంలో వేషగాడి కనుబొమలు వెనక వరసవాళ్ళకు కూడా కనపడాలని లావుగా దిద్దుతారు. కాని కనుబొమలను చుబుకం మీద దిద్దరు గదా! ఉన్నదాన్ని ఉన్నచోట కాస్త పెంచితే నాకు పేచీ లేదు.

మా తోటి ఉపాధ్యాయుల్లో కొందరికి అసలు ట్యాంకు బొమ్మలే నచ్చవు. పిల్లలు యుద్ధాన్ని ఆటనుకుంటారని వాళ్ళ భయం. ఆ భయం తీసిపారేయదగ్గది కాదు. నిగనిగలాడే కొత్త ట్యాంకును చేతికిస్తే అలా అనుకునే ప్రమాదం ఉంది. కాని నారింజరంగు ఎప్పుడు వస్తుందో, బండి ఎందుకు కుంగుతుందో, లోపల ఎంతమంది ఉంటారో తెలుసుకుంటూ రంగు వేసిన పిల్లవాడు అలా అనుకోడని, ఆ రోజు ఆ అబ్బాయి ముఖం చూశాక నాకు గట్టిగా అనిపించింది. వాళ్ళకీ ఇదే చెప్పాను. వాళ్ళింకా ఒప్పుకోలేదు.

విదేశాల నుంచి వచ్చే ఈ పెట్టెల ఖరీదు ఎక్కువే, అందరూ కొనలేరు. కొననక్కరలేదు కూడా. అట్టముక్కలతో ట్రాక్టరు చేసినా, బోరు లారీ చేసినా ఇవే లెక్కలు, ఇదే రసాయనశాస్త్రం. దుమ్ముకు నల్లబల్ల దగ్గర రాలిన సుద్దపొడి, గుడ్డలో జల్లించిన పెరటిమట్టి చాలు.

రంగు ముట్టుకునేముందు మాత్రం ఒక పనిచెయ్యండి. ఒకే పొట్లంలోవి నాలుగు ఇనప మేకులు తీసుకోండి. ఒకదానికి పూర్తిగా పెయింటు వెయ్యండి. రెండోదానికి పెయింటు వేసి, ఆరాక బ్లేడుతో ఒక గీత పెట్టండి. మూడోదాన్ని పెద్దవాళ్ళచేత పట్టకారుతో మంటలో ఎర్రగా కాల్పించి చల్లార్చండి. నాలుగోదాన్ని ఏమీ చెయ్యకండి. నాలుగింటినీ తడి ఇసక పోసిన పళ్ళెంలో డాబామీద ఉంచి, పదిరోజులపాటు రోజూ ఒకే వేళకు చూసి, రంగు పెన్సిళ్ళతో నోటుబుక్కులో వేసుకోండి. నాలుగోదాన్ని మాత్రం రోజూ చూసే ముందు సగం పొడవునా గరుకు నేలమీద పదిసార్లు రుద్దండి. మిగతా సగం ముట్టుకోకండి. పళ్ళెంలో ఇసక ఆరిపోకుండా పొద్దునా సాయంత్రం కాసిని నీళ్ళు చిలకరిస్తూ ఉండాలి.